సర్వెంట్‌కీ డిపెండెంట్‌కీ తేడా

రెండు నెలల కిందట ఒక మధ్యాహ్నం రామ్మూర్తి గారు మా ఇంటికి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే సంచిలోంచి ఒక ఫ్లెక్సీ నమూనా తీసి సోఫా మీద పరిచారు. దాని మీద మా మేనమామ నవ్వుతున్నాడు. బతికుండగా ఆయన అంత వెడల్పుగా నవ్వడం నేను చూడలేదు, కంప్యూటరు ముందు కూర్చున్నవాడెవడో సాగదీసి ఉంటాడు. కింద ఎర్రటి అక్షరాల్లో ‘ఆంగ్ల భాషా శిఖరం’ అని ఉంది. రామ్మూర్తి గారు ఒకప్పుడు హైస్కూల్లో ఆయన దగ్గర ఇంగ్లీషు నేర్చుకుని, ఉద్యోగం చేసి, రిటైరై, ఇప్పుడు విజయనగరంలో పాత విద్యార్థులందరినీ పోగేసి గురువుగారికి సంస్మరణ సభ పెట్టే పనిలో ఉన్నారు. ఆయన మంచి మనిషే. మంచివాళ్ళంతా కలిసి ఒకణ్ణి నెత్తిన పెట్టుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

“మాస్టారు లేకపోతే మేమెక్కడున్నాం మేడమ్? మీరు ఆయన ఇంట్లో పెరిగినోరు. మీకు తెలిసినంత మాకేటి తెలుస్తాది? సంచికలోకి రెండు పేజీలు రాసియ్యండి చాలు,” అన్నారు.

రాయను అన్నాను. ఆయన నవ్వి, పెద్దవాళ్ళు మొహమాటపడతారన్నట్టు తలూపి, కాఫీ తాగి, వెళ్తూ వెళ్తూ ఒక జిరాక్సు కట్ట టీపాయ్ మీద పెట్టారు. మావ సొంత నోటుబుక్కట. ఒకే అర్థం ఉన్నట్టు కనిపించే ఇంగ్లీషు మాటల్ని జంటలు జంటలుగా రాసి, వాటి మధ్య తేడాని ఉదాహరణలతో చెప్పిన నోటుబుక్కు. దాన్ని పుస్తకంగా వేస్తున్నారట. నేను కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఇంగ్లీషే చెప్పాను కాబట్టి తప్పులేవైనా ఉంటే దిద్దిపెట్టమన్నారు. రెండు రోజులు ఆ కట్టని ముట్టుకోలేదు. మూడో రోజు పేజీలు తిప్పుతుంటే మా అమ్మ పేరు కనబడింది. ఆ పేరు అక్కడికి ఎలా వెళ్ళిందో చెప్పాలంటే ఆ ఇంటి సంగతి చెప్పాలి. ఆ ఇంటి సంగతి చెప్పాలంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా నాన్న పోయాక అమ్మ నన్ను తీసుకుని తమ్ముడింటికి వచ్చింది. మావ ఒక గోగునార మిల్లు కాలనీలో, మిల్లువాళ్ళు నడిపే స్కూల్లో మాస్టారు. ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఏ ఊళ్ళోదో చెప్పినా ఎవరికీ ఉపయోగం లేదు. కాలనీ అంతా గోగునార వాసన. చెరువుల్లో నానబెట్టి తీసిన నార కుళ్ళు వాసన బట్టల్లోకి, జుట్టులోకి, అన్నంలోకి కూడా దిగేది. అమ్మ ముందే గోగు చేలల్లో పెరిగిన మనిషి కాబట్టి ఆమెకి ఆ వాసన కొత్త కాదు. మెడ లోతు నీళ్ళలో నిలబడి నార తీసి, ఆ కూలితోనే తమ్ముణ్ణి పట్నంలో చదివించింది. తల్లి చిన్నప్పుడే పోతే వాణ్ణి చంకనేసుకుని తిప్పింది కూడా ఆమే. ఈ మాట అమ్మ ఎప్పుడూ చెప్పలేదు, మా ఊరివాళ్ళు చెప్తే నాకు తెలిసింది. మావ ఇంట్లో ఆమెని “అప్పా” అనే పిలిచేవాడు. మా వైపు అక్కని అలాగే అంటారు. పిలుపులో మాత్రం ఏ లోటూ చెయ్యలేదు.

ఆ ఇంట్లో పొద్దున్న పని ఇలా నడిచేది. అమ్మ చీకటితో లేచి గోగుపుల్లలతో పొయ్యి రాజేసేది. నార తీసేశాక మిగిలే ఆ తెల్లటి పుల్లలు భగ్గున అంటుకుంటాయి, చప్పున ఆరిపోతాయి, అందుకని పొయ్యి దగ్గర్నుంచి కదలడానికి ఉండదు. ఒక పక్క మావకీ అత్తకీ కాఫీ, ఇంకో పక్క మా ఇద్దరికీ రాగిపిండితో కాచిన చోడంబలి. తర్వాత కుళాయి దగ్గర బిందెల వరస, గిన్నెలు, బట్టలు. మా అత్తకి ఎప్పుడూ తలనొప్పి, ఆ తలనొప్పి వంటిల్లు చూస్తే ఎక్కువయ్యేది. కాఫీ గ్లాసు ఖాళీ అయ్యేసరికి మావ అరుగు మీద పలక పెట్టి, దాని మీద రెండు ఇంగ్లీషు మాటలు రాసేవాడు. ట్యూషన్ పిల్లలు ఆరేడుగురు, వాళ్ళతోపాటు నేను, ఆ పలక చుట్టూ కూర్చునేవాళ్ళం.

“ఒకే అర్థం ఉన్న రెండు మాటలు ఏ భాషలోనూ ఉండవు. ఉన్నాయంటే ఒకటి దొంగది. పట్టుకోండి,” అనేవాడు. పట్టుకోవడానికి ఆయన పద్ధతి ఒకటుండేది, రామ్మూర్తి గారి బృందం ఇప్పటికీ మురిసిపోయే పద్ధతి. ఆ రెండు మాటల్నీ కాలనీలో బతుకుతున్న మనుషులకి తగిలించాలి. థిన్‌కీ స్లిమ్‌కీ తేడా ఏమిటి? మేనేజరు భార్య స్లిమ్, ఆవిడ ఇంట్లో అంట్లు తోమే సన్యాసమ్మ థిన్. స్మెల్, స్టింక్, ఫ్రాగ్రెన్స్? మేనేజరు భార్య జడలోది ఫ్రాగ్రెన్స్, షిఫ్టు దిగి వచ్చే కూలీది స్టింక్. పొదుపరి అనే థ్రిఫ్టీకీ, పిసినారి అనే మైజర్లీకీ తేడా అడిగితే మావ తనని థ్రిఫ్టీలో వేసుకుని, పక్క క్వార్టర్లో ఒడియా హెడ్ గుమస్తాని మైజర్లీలోకి తోశాడు. ఆ పిల్లల్లో కూలీ కొడుకులు ఇద్దరుండేవారు. స్టింక్ అన్నప్పుడు అందరితోపాటు వాళ్ళూ నవ్వారు. నవ్వకపోతే ఏమవుతుందో వాళ్ళకి తెలుసు.

నేను ఆ విద్యలో ఆరితేరాను. ఎవరికి ఏ మాట తగులుతుందో ఆయనకంటే ముందే చెప్పేదాన్ని. కుళాయి దగ్గర నిలబడి ఎవరు స్టబర్న్, ఎవరు లేజీ అని నాలో నేను పంచిపెట్టుకునేదాన్ని. తప్పు చెప్పినవాళ్ళకి మెటికల మీద స్కేలు దెబ్బ, ఒప్పు చెప్పినవాళ్ళకి “కరెక్ట్” అనే ఒక్క మాట. ఆ మాట కోసం నేను ఏమైనా చేసేదాన్ని. నాన్న లేని పిల్లని, ఇంట్లో నాకంటూ ఉన్నదేమీ లేదు. ఆ ఒక్క మాటా రోజుకోసారి నాదయ్యేది. దాని రుచి ఎంత బాగుండేదో ఇప్పుడు ఒప్పుకోకపోతే ఇదంతా రాయడం దండగ.

ఒకసారి మిల్లు ఆఫీసు నుంచి క్వార్టర్ల కాగితం వచ్చింది. ఇంట్లో ఎవరెవరు ఉంటున్నారు, ఒక్కొక్కరూ ఉద్యోగికి ఏమవుతారు, రాసి సంతకం పెట్టివ్వాలి. పోషణలో ఉన్న బంధువులైతే డిపెండెంట్ అని రాయాలి. వాళ్ళకి మిల్లు ఆస్పత్రిలో వైద్యం ఉంటుంది. పనిమనిషి ఉంటే సర్వెంట్ అని రాయాలి. సర్వెంటుకి ఆస్పత్రి లేదు, కానీ సర్వెంట్ ఉన్న ఉద్యోగికి క్వార్టరు వెనక ఒక గది అదనంగా ఇస్తారు. మావ చాన్నాళ్ళుగా ఆ గది మీద కన్నేశాడు. అరుగు మీద వాన పడితే ట్యూషన్ ఆగిపోతోంది. ఈ లెక్కలన్నీ నాకు ఆ తర్వాత తెలిశాయి. ఆ పొద్దున నాకు తెలిసిందల్లా పలక మీద రెండు మాటలు ఉన్నాయని. డిపెండెంట్. సర్వెంట్.

“ఉదాహరణ మనింట్లోంచే తీసుకుందాం,” అన్నాడు మావ. “పైడమ్మ. ఈ రెండింట్లో ఏది తగులుతుంది? ఎందుకు?”

పైడమ్మ మా అమ్మ. ఆయన అప్ప అనకుండా పేరు పెట్టి అనడం నేను వినడం అదే మొదటిసారి. అమ్మ అప్పుడు పెరట్లో బట్టలు ఉతుకుతోంది, బండ మీద దెబ్బలు వినబడుతున్నాయి. నేను చెయ్యెత్తాను. ఎందుకెత్తానో చెప్పాలి. మా అమ్మకి ఒక పట్టుదల ఉండేది. ఇరుగుపొరుగువాళ్ళు తమ్ముడింట్లో ఉన్నావా అని జాలిగా అడిగితే ఆమెకి గిట్టేది కాదు. “నాను ఎవులి మీదా పడి తినట్లేదు. సేసుకుని తింతన్నాను,” అని మొహం మీదే అనేది. డిపెండెంట్ అంటే ఇంకొకరి మీద ఆధారపడేవాళ్ళని మావే చెప్పాడు. కాబట్టి ఆ మాట అమ్మకి తగిలితే అమ్మకి అవమానమని నాకు అనిపించింది. లేచి నిలబడి గట్టిగా చెప్పాను. డిపెండెంట్ కూర్చుని తింటుంది, సర్వెంట్ పని చేసుకుని తింటుంది, మా అమ్మ పొద్దున్న లేచిన దగ్గర్నుంచి పని చేస్తుంది, కాబట్టి మా అమ్మ సర్వెంట్. చెప్పి, అమ్మని గెలిపించినట్టు చుట్టూ చూశాను.

“కరెక్ట్,” అన్నాడు మావ.

ట్యూషన్ పిల్లల్లో ఒకమ్మాయి లేచి, “మరి సర్వెంటుకి జీతం ఉంటాది కదండి మాస్టారూ?” అంది. “కూర్చో,” అన్నాడు మావ. ఆ పిల్ల కూర్చుంది. కాగితం మీద ఆయన అప్పుడే, మా అందరి ఎదురుగా రాశాడు. పైడమ్మ, సర్వెంట్. గౌరి, డిపెండెంట్. గౌరి అంటే నేను. ఒకే కాగితం మీద మా అమ్మ పనిమనిషి, నేను ఆ ఇంటి పిల్ల. చదువు రాని అమ్మ కింద వేలిముద్ర వేసింది. తమ్ముడు ఎక్కడ చూపిస్తే అక్కడ వేసే మనిషి. నెల తిరక్కుండా వెనక గది వచ్చింది. ట్యూషన్ అందులోకి మారింది. మేమిద్దరం ఎప్పట్లాగే వంటింట్లో పడుకున్నాం.

ఆ ఏడాది వానాకాలంలోనే ఒక గోగుపుల్ల విరిగి అమ్మ కుడిచేతి చూపుడువేలి గోరు కిందకి దిగింది. పుల్ల వచ్చేసింది గానీ కొస లోపలే ఉండిపోయింది. మర్నాటికి వేలు వాచింది. గోరుచుట్టు అనుకుని అమ్మ నిమ్మకాయకి కన్నం పెట్టి వేలికి తొడుక్కుని, ఆ చేత్తోనే అంట్లు తోమింది. మూడో రోజుకి పక్క వేలు కూడా ఉబ్బి, చెయ్యి మోచేతి దాకా ఎర్రబడింది. మధ్యాహ్నం నేను స్కూలు నుంచి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో కూర్చుని వణుకుతోంది. ఆమె ఊరికే కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, దాంతోనే భయమేసింది. అత్త అలమరాలోంచి, ఆ కాగితం ప్రకారం మావ ఇంట్లోవాళ్ళ పేర్లు రాసిపెట్టిన మిల్లు వైద్యం పుస్తకం తీసిచ్చింది. మిల్లు ఆస్పత్రి రెండు వీధుల అవతలే. నడిపించుకుని తీసుకెళ్ళాను.

కిటికీ దగ్గర కంపౌండరు పుస్తకం తెరిచి పేరు వెతికాడు. “పైడమ్మ. ఉన్నాది. కానీ ఎదురుగా సర్వెంటని ఉన్నాదమ్మా. సర్వెంట్లకి ఇక్కడ సూడరు.” ఆయన కసురుకోలేదు. అమ్మ చెయ్యి చూసి మొహం చిట్లించి, నా వైపు తిరిగి, “నీ పేరు మీద రాద్దునా అంటే నీకు వయసు సాలదు. మీ మాస్టార్ని ఒక మాట రాసిమ్మను, ఈమె తన అప్పేనని. ఇప్పుడే సూసేస్తారు,” అన్నాడు. ఆయన చెయ్యగలిగింది అదే, చేశాడు. అమ్మకి సగమే అర్థమైంది.

“ఏటే? ఏటి రాసుంది అందులో?” అని అడిగింది.

నేను ఆ పేజీ చూస్తూనే ఉన్నాను. నా నోటి మాట మావ దస్తూరీలో అక్కడుంది. “నీ పేరు తప్పు రాసేసేరమ్మా. దిద్దించుకొస్తాను,” అన్నాను. అమ్మని బెంచీ మీద కూర్చోబెట్టి స్కూలుకి పరిగెత్తాను.

మావ స్టాఫ్ రూంలో పేపర్లు దిద్దుతున్నాడు. విషయం చెప్పాను. అమ్మ నీ అప్ప అని ఒక్క ముక్క రాసిమ్మన్నాను. ఆయన ఎర్ర పెన్ను మూత పెట్టకుండానే విని, మొదట పుస్తకాల తెలుగులో మాట్లాడాడు. “సంతకం చేసిన కాగితాన్ని మార్చమంటే నేను అబద్ధం రాశానని ఒప్పుకున్నట్టు. నా సంతకానికి ఈ కాలనీలో ఒక విలువ ఉంది.” నేను కదల్లేదు. ఏడుస్తున్నాను. అప్పుడు ఆయన గొంతు తగ్గించి, ఇంట్లో కోపమొస్తే వచ్చే భాషలోకి దిగాడు. “గది పోతాది. తెలుస్తందా నీకు? సర్వెంటు నేదంటే రేపే తాళమేసేస్తారు. గోరుసుట్టుకి అంత గోలేటి? ఎల్లి పసుపు రాయమను.” పక్కనున్న ఇంకో మాస్టారు కిటికీలోంచి బయటకి చూశాడు. మావ ఇంకో పేపరు తీశాడు.

ఆ తర్వాత రెండో రోజు పొద్దున్న బస్సులో పట్నం పెద్దాస్పత్రికి మేమిద్దరమే వెళ్ళాం. మావకి పరీక్షల పని. అక్కడి డాక్టరమ్మ చెయ్యి చూసి, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారని నా మీద అరిచింది. పదకొండేళ్ళదాన్ని, అరవడానికి ఆవిడకి నేను తప్ప ఎవరూ కనబడలేదు. చూపుడువేలు, మధ్యవేలు తీసేశారు. రెండు రోజులు ముందు వచ్చుంటే చీము తీసి పంపేసేవాళ్ళమని కట్టు కడుతూ నర్సు ఎవరితోనో అంటోంది. నేను విన్నాను. అమ్మ వినలేదు.

వేళ్ళు లేకపోతే పని ఆగుతుందనుకున్నాను గానీ ఆగలేదు. పది రోజుల్లో మళ్ళీ పొయ్యి, అంట్లు, బట్టలు. ఆగింది తిండి. మిగిలిన వేళ్ళతో అన్నం కలిపితే సందుల్లోంచి జారిపోయేది. ఎడమచేత్తో తినడం ఆమెకి చావుతో సమానం. అందుకని అందరూ తిన్నాక వెనక్కి తిరిగి కూర్చుని, గిన్నెలో అంబలిలా పలచగా చేసుకుని తాగేసేది. ఆ తర్వాత జీవితమంతా అంతే. పెళ్ళిళ్ళకి వెళ్తే వంటవాళ్ళ దగ్గర ఏదో పని కల్పించుకుని బంతిలో కూర్చోకుండా తప్పించుకునేది. నా పెళ్ళిలో కూడా కూర్చోలేదు. మా అత్తగారు, అంటే అమ్మ వియ్యపురాలు, “ఏటి వదినా, మా ఇంటి కూడు నీకు ఆనదా?” అని నవ్వుతూ అడిగితే అమ్మ చెయ్యి కొంగులోకి లాక్కుని ఉపవాసమని చెప్పింది. ఆ రోజు మావ మొదటి బంతిలో కూర్చుని నెయ్యి రెండుసార్లు వేయించుకున్నాడు. నేను పీటల మీద ఉన్నాను. లేచి వెళ్ళి ఆ ఆకు లాగెయ్యాలనిపించింది. లాగలేదు.

ఆయన ఒక్కసారి కూడా తప్పయిందని అనలేదు. అన్నుంటే ఇంత ద్వేషం నాకు బరువయ్యేదేమో, ఆయన ఆ ఇబ్బంది పెట్టలేదు. దండలతో రిటైరయ్యాడు, పిల్లలు కాళ్ళకి మొక్కితే తలల మీద చెయ్యి పెట్టాడు, నిద్రలో పోయాడు. నేను ఆయన చెప్పిన చదువుతోనే ఉద్యోగం సంపాదించుకున్నాను, అదొక మంట. కానీ క్లాసులో రెండు మాటల తేడా చెప్పవలసి వచ్చిన ప్రతిసారీ కుండల గురించి, కుక్కల గురించి, వానల గురించి ఉదాహరణలు చెప్పాను. ఒక్క మనిషి పేరు చెప్పలేదు. బోరు కొడుతున్నారు మేడమ్ అన్నారు పిల్లలు. కొట్టనీ అనుకున్నాను. ఇప్పుడు మా మనవరాలు ఫోనుని అడుగుతుంది తేడా ఏమిటని. అది క్షణంలో చెప్పేస్తుంది. పక్కింటివాళ్ళెవరో దానికి తెలియదు, ఎవరిని చూసీ నవ్వదు, ఎవరి మెటికల మీదా కొట్టదు. గురువు లేని చదువేం చదువు అని పేపర్లలో రాసేవాళ్ళని చూస్తే నాకు నవ్వొస్తుంది. అలాంటి గురువు లేకుండా నా మనవరాలు పెరుగుతున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది.

జిరాక్సు కట్టలో నాకు కనబడిన పేజీ అది. డిపెండెంట్, సర్వెంట్. ఉదాహరణ, పైడమ్మ. జవాబు, గౌరి, పదకొండేళ్ళు. కరెక్ట్. వేళ్ళు పోయిన తర్వాత కూడా ఆ నోటుబుక్కు ఆయన దగ్గర ఎన్నో ఏళ్ళుంది, ఎన్నో పేజీలు కొట్టేసి మళ్ళీ రాశాడు. ఆ పేజీ మీద మాత్రం ఒక్క గీత కూడా లేదు. రామ్మూర్తి గారికి ఫోన్ చేసి జరిగిందంతా చెప్పాను. ఆయన పేజీ నంబరు అడిగి రాసుకున్నారు. తర్వాత, “ఆ పేజీ తీసేస్తాం మేడమ్,” అన్నారు.

“తియ్యకండి. దాని కింద ఒక్క లైను వెయ్యండి. పైడమ్మ మాస్టారికి సొంత అప్ప, ఆయన్ని చదివించింది ఆమే అని.”

“సభ ముందర ఇప్పుడు ఇలాంటియ్యి ఎందుకు మేడమ్? పోయినోరు పోయినారు. అయినా జవాబు కింద మీ పేరే ఉన్నాది. అచ్చయితే అందరూ మిమ్మల్నే అంతారు.”

“అననివ్వండి,” అన్నాను.

కమిటీవాళ్ళతో మాట్లాడతానన్నారు. పుస్తకం నిన్న పోస్టులో వచ్చింది, మంచి కాగితం, గట్టి అట్ట. ఆ పేజీ లేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఆ జవాబు తప్పు. చెప్పింది నేను, కరెక్ట్ అన్నది ఆయన. ఆయన చేసింది ఎవరితోనైనా చెప్పగలను, ఇంతకాలం చెప్తూనే ఉన్నాను. నేను చేసింది అమ్మకి చెప్పడానికి మాత్రం ఏళ్ళ తరబడి రోజూ అవకాశం ఉంది, ఒక్కరోజూ నోరు రాలేదు. చివరి రోజుల్లో అమ్మ మంచం మీదుంటే నేనే చెంచాతో అన్నం పెట్టేదాన్ని. ఒకరోజు నాలుగు ముద్దలు తిని, ఆ చెయ్యి దుప్పటి మీదకి తీసి చూసుకుంటూ, “ఆ కంపౌండరు నా పేరు సక్కగా రాసుంటే ఈ వేళ్ళు ఉండునే గౌరీ. సచ్చినోడు, ఏటి సూసి రాసినాడో,” అంది.

అవునమ్మా అన్నాను.